చుక్క పుట్టిన చోటు

గీజరు కారుతోందని కబురు పెడితే వచ్చిన మనిషి, సంచిలోంచి పానా తీసే ముందు పొడి గుడ్డ అడిగాడంటే పని తెలిసినవాడని నమ్మవచ్చు. వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రం హోరు వినిపించే ఊళ్ళో ఉన్న మా పిన్ని ఇంటికి కాశీబుగ్గ నుంచి వచ్చిన మెకానిక్ అడిగింది అదే. స్నానాల గది గోడకు నిలువుగా బిగించిన 25 లీటర్ల గీజరు. దాని కింద బకెట్టు, బకెట్టులో రాత్రంతా పడిన నీళ్ళు. పుష్యమాసం. ఆ రోజుల్లో ఈ ఉద్దానం ప్రాంతంలో తెల్లవారుజామున కొబ్బరి మట్టల మీంచి మంచు టపటపా రాలుతుంది. వేన్నీళ్ళు లేకపోతే పెద్దవాళ్ళకు స్నానమే జరగదు.

"లోపల టేంకీ సిల్లు పడిపోనాది నాయినా, కొత్తది కొనీమంటావా?" అంది పిన్ని.

"ఉండమ్మా, ముందల తుడిసి సూద్దాం. నీరెక్కడ పుడతందో తెలీకండా కొత్తదేటి, పాతదేటి," అన్నాడతను.

అతని విద్యకు ఆ మాటే పునాది. గీజరులో ఏ మూల కారినా చుక్క వచ్చి పడేది అడుగునే. లోపల నీళ్ళ ట్యాంకు, దాని చుట్టూ వేడి బయటికి పోకుండా నింపిన నురుగు పొర, ఆపైన రేకుదో ప్లాస్టిక్కుదో పైతొడుగు. ట్యాంకు నడుమ అతుకు దగ్గర కారిన నీరు ఆ నురుగులో దారి చేసుకుంటూ దిగి, కింది మూత కన్నంలోంచి బయటపడుతుంది. చన్నీళ్ళ గొట్టం మర దగ్గర కారిన నీరూ పాకుతూ వచ్చి అదే మూత అంచున వేలాడుతుంది. బకెట్టు పెట్టిన చోటును బట్టి రోగం చెప్పడం కుదరదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మూత అంచున తడి కనపడగానే ట్యాంకు పోయిందనుకుని, మంచి గీజరును పాత ఇనుముకు వేసేస్తారు.

అతను బోర్డులో ఎంసీబీ దించాడు. ప్లగ్గు ఊడదీశాడు. టెస్టరు పెట్టి చూశాడు, ఆపైన టెస్ట్ ల్యాంపు కూడా పెట్టి చూశాడు. తడి గోడ దగ్గర టెస్టరు ఒక్కదాన్నే నమ్మకూడదట. తర్వాత గీజరు ఒళ్ళంతా, గొట్టాలతో సహా, పొడిగా తుడిచాడు. వార్తాపత్రికను సన్నని పేలికలుగా చింపి ఒక్కో అతుకుకూ ఒక్కో పేలిక చుట్టాడు. చన్నీళ్ళు వచ్చే నిపిల్‌కు ఒకటి, వేన్నీళ్ళు పోయే నిపిల్‌కు ఒకటి, సేఫ్టీ వాల్వుకు ఒకటి, కింద మూత విప్పి ఎలిమెంటు పళ్ళెం చుట్టూ ఒకటి. పూర్తయ్యాక పిన్ని ఇచ్చిన టీ తాగుతూ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం కూడా పనిలో భాగమే. కాగితం తడిసేదాకా ఆగడం చేతకానివాడు ఎంత మంచి పానా పట్టినా ప్రయోజనం లేదు.

ముందు అతను తీసేసిన అనుమానం సేఫ్టీ వాల్వు మీద. దీని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ఎక్కువగా పొరబాటు పడేది దీని దగ్గరే. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. 25 డిగ్రీల దగ్గర ఉన్న 25 లీటర్ల నీళ్ళు 60 డిగ్రీలకు చేరితే దాదాపు 350 మిల్లీలీటర్లు పెరుగుతాయి. పంపు మూసి ఉంటుంది. చన్నీళ్ళు వచ్చే దారిలో నీటిని వెనక్కి పోనివ్వని వాల్వు ఉంటుంది. మరి ఆ పెరిగిన నీరు ఎటు పోవాలి? దానికోసమే సేఫ్టీ వాల్వు. ఒత్తిడి హద్దు దాటినప్పుడు తెరుచుకుని నాలుగు చుక్కలు వదిలి మళ్ళీ మూసుకుంటుంది. మన ఇళ్ళ గీజర్లకు ఎక్కువగా ఆ హద్దు 8 బార్లు, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి సుమారు ఎనిమిది రెట్లు. గీజరు వేడెక్కుతున్నప్పుడు మాత్రమే వాల్వు కన్నంలోంచి చుక్కలు పడి, చల్లారాక ఆగిపోతే అది రోగం కాదు, ఆరోగ్యం. ఆ కన్నాన్ని ఎంసీల్ ముద్దతో పూడ్చేసిన ఇళ్ళు ఉన్నాయి. కారడం ఆగిందని సంతోషిస్తారు. థర్మోస్టాట్ ఒక్కసారి మొరాయించి కరెంటు ఆగకుండా పోతే, ఆ ట్యాంకులో నీళ్ళు వంద డిగ్రీలు దాటి, ఒత్తిడి వల్ల ఆవిరి కాలేక అలాగే ఉంటాయి. ట్యాంకు అతుకు విడిపోయిన క్షణంలో ఆ నీళ్ళు ఆవిరిగా మారడం మొదలవుతుంది. ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే పదహారు వందల లీటర్లకు పైగా జాగా కావాలి. గోడలు నిలవవు.

పలాస, కాశీబుగ్గల జీడి పరిశ్రమల్లో పిక్కలను ఒలిచే ముందు ఆవిరిలో ఉడికించే బాయిలర్లు ఉంటాయి. అలాంటి ఆవిరి బాయిలర్లకు రిజిస్ట్రేషన్ ఉండాలనీ, సర్కారు ఇన్‌స్పెక్టరు తనిఖీ జరగాలనీ 1923లోనే దేశంలో చట్టం వచ్చింది. ఇంటి గీజరును చూడడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. వచ్చేది మెకానిక్ ఒక్కడే. అతను ఆ చిన్న లీవరును వేలితో ఎత్తి, నీళ్ళు చిమ్మడం చూసి, వదిలాక పూర్తిగా ఆగిందో లేదో మళ్ళీ కాగితంతో చూసినప్పుడు, తనిఖీ అనే మాటకు పూర్తి న్యాయం చేశాడని నాకు అనిపించింది.

కాగితాల్లో తడిసింది ఎలిమెంటు పళ్ళెం దగ్గరిది. అయినా అతను వెంటనే విప్పలేదు. టార్చి వేసి మరకలు చూశాడు, నన్నూ చూడమన్నాడు. తెల్లటి సున్నపు చార అంటే చాన్నాళ్ళుగా కొద్దికొద్దిగా కారి ఆరిన నీరు. పచ్చటి చిలుము కనపడితే ఇత్తడిదో రాగిదో అయిన భాగం తింటోందని అర్థం. ఇటికరంగు చార అయితే ట్యాంకు ఉక్కే తుప్పు పడుతోందేమోనని గుండె రాయి చేసుకోవాలి. ఇక్కడ కనిపించింది తెలుపు, దాని అంచున కొంచెం ఇటికరంగు. ఆ ఇటికరంగు బోల్టు తలలదా, లోపలి ట్యాంకుదా? బోల్టు తల మీద గోటితో గీకాడు. రంగు ఊడి కింద తుప్పు కనిపించింది. ఉప్పుగాలికి ఉద్దానంలో కిటికీ ఊచలే నిలవవు, బోల్టులు ఏపాటి? "ఇది బోల్టుదేలెండి. ట్యాంకుది కానట్టే ఉంది. లోపల సూస్తేగానీ సెప్పలేను," అన్నాడు. చూడకుండా చెప్పనని అన్నందుకు అతని మీద గౌరవం పెరిగింది.

చన్నీళ్ళ యాంగిల్ కాక్ కట్టేశాడు. వేన్నీళ్ళ పంపు తిప్పి గాలి పోయే దారి ఇచ్చాడు, సేఫ్టీ వాల్వుకు రబ్బరు గొట్టం తొడిగి ట్యాంకును బకెట్లలోకి ఖాళీ చేశాడు. చివరి బకెట్టులోకి బూడిద తెలుపు ముద్ద దిగింది. పిన్ని ముఖం వాడిపోయింది. ఉద్దానంలో నీళ్ళ అడుగున ఏ కొత్తరంగు కనిపించినా మనుషులకు మొదట గుర్తొచ్చేది కిడ్నీలే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు తెలియని ఊరు అరుదు.

"ఇదేనా నాయినా, మన కిడ్నీలు తినేస్తన్నది?"

"అది సున్నం, అమ్మా. బోరు నీరు మరిగితే ఏ ఊళ్ళోనైనా పడతాది. కిడ్నీల సంగతి పెద్ద డాక్టర్లే తేల్చలేకపోనారు, నానెలగ సెప్పగలను?"

ఆ జవాబు విన్నాక అతని పనితనం గురించి రాయాలని నిశ్చయించుకున్నాను. తనకు తెలిసిన సంగతి రూఢిగా చెప్పాడు. తెలియని సంగతిలో వేలు పెట్టలేదు. ఉద్దానం జబ్బుకు కారణం ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగినా ఇదమిత్థంగా తేలలేదు. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో ఈ ఊళ్ళకు తెచ్చే రక్షిత నీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా అప్పుడే మొదలైంది. తాగడానికి ఏ నీళ్ళు వాడినా, స్నానానికి చాలా ఇళ్ళలో ఇప్పటికీ బోరు నీళ్ళే. ఆ నీళ్ళలో కరిగి ఉన్న సున్నపు లవణాలు వేడి తగలగానే విడిపోయి, అన్నిటికన్నా వేడిగా ఉండే ఎలిమెంటు మీద పేరుకుంటాయి. పొర మందమైనకొద్దీ నీళ్ళకు వేడి అందడం ఆలస్యమవుతుంది, ఎలిమెంటు తనలో తాను ఉడికిపోతుంది.

పళ్ళెం విప్పిన తీరు చూడవలసింది. వైర్లు ఊడదీసే ముందు సెల్‌ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. పళ్ళెం అంచు మీద, ట్యాంకు అంచు మీద కలిపి మార్కరుతో ఒక గీత గీశాడు, తిరిగి బిగించేటప్పుడు అదే చోట కూర్చోవడానికి. బోల్టులను వరసగా కాకుండా ఎదురెదురుగా, ఒక్కోదాన్ని అర చుట్టు మాత్రమే వదులు చేశాడు. ఒక వైపే వదులైతే పళ్ళెం వంగి, రెండో వైపు అంచును కొరుకుతుంది. కొరికిన అంచు మీద ఇక ఏ వాషరూ సరిగా కూర్చోదు.

ఎలిమెంటు బయటికొచ్చింది, సున్నం పట్టి రెండింతలు లావై. కత్తితో గీకేస్తాడనుకున్నాను. గీకలేదు. బకెట్టు నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి నానబెట్టాడు. బుసబుస పొంగి, సున్నం దానంతటదే వదిలింది. గీకితే తొడుగు మీద గాట్లు పడతాయి, ఆ గాట్ల దగ్గరే మళ్ళీ చిల్లి మొదలవుతుంది. పాత వాషరును వేళ్ళ మధ్య వంచి చూపించాడు. రబ్బరు గట్టిపడి పగుళ్ళిచ్చింది. రాత్రంతా బకెట్టు నింపింది ఈ పగుళ్ళే.

దొంగ దొరికాడు కదా, ఇక కొత్త వాషరు వేసి బిగించేస్తే అయిపోతుంది. సాధారణంగా అదే చేస్తారు. అతను మాత్రం పళ్ళేనికి బిగించి ఉన్న మెగ్నీషియం కడ్డీని చూశాడు. కడ్డీ లేదు, దాని నడుమ ఉండే సన్నని ఇనుప తీగ మాత్రమే మిగిలింది. ఈ కడ్డీ పని, తాను అరిగిపోయి ట్యాంకును కాపాడడం. ఉక్కు ట్యాంకు లోపల గాజులాంటి పూత ఉంటుంది, ఎనిమిది వందల డిగ్రీలకు పైబడిన వేడిలో కరిగించి అతికించిన పూత. ఎంత జాగ్రత్తగా పూసినా దానిలో కంటికి కనపడని సూది బెజ్జాలు మిగులుతాయి. అక్కడ నీరు ఉక్కును తాకుతుంది. మెగ్నీషియం ఇనుముకన్నా చాలా తేలిగ్గా ఎలక్ట్రాన్లను వదిలే లోహం. రెండూ ఒకే నీళ్ళలో తగిలి ఉంటే తుప్పు భారమంతా మెగ్నీషియం మోస్తుంది. ఈ ఉపాయాన్ని 1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఓడల మీద ప్రయోగించాడు. చెక్క ఓడల అడుగుకు కొట్టే రాగి రేకులు ఉప్పునీటికి తినిపోతుంటే, వాటికి ఇనుము, జింకు ముక్కలు తగిలించాడు. రాగి నిలిచింది. అయితే కరగడం మానిన రాగి మీద నత్తలు, నాచు దట్టంగా పట్టి ఓడలు మందగించాయి, నౌకాదళం ఆ పద్ధతిని అప్పటికి వదిలేసింది. సూత్రం మాత్రం ఓడిపోలేదు. నేటి ఇనుప ఓడల అడుగుకు బిగించే జింకు దిమ్మలు చేసేదీ, మన గోడ మీది గీజరులోని కడ్డీ చేసేదీ ఆ పనే.

కడ్డీ పూర్తిగా పోయి ఎన్నాళ్ళైందో తెలియదు కాబట్టి ట్యాంకు లోపల చూడక తప్పదు. చిన్న అద్దం ముక్క, టార్చి. అద్దాన్ని ఆ కన్నంలోంచి లోపలికి పెట్టి, పైకీ పక్కలకూ తిప్పుతూ, వెల్డింగు అతుకు పొడవునా చూశాడు. నీలిపూత మెరుస్తూనే ఉంది. ఒక చోట మచ్చ ఉంది గానీ పూత లేవలేదు. "బతికింది," అన్నాడు. పూత లేచి, కింద ఉక్కు పొరలు పొరలుగా కనిపిస్తే ఏం చేసేవాడివని అడిగాను. "ఏటీ సెయ్యను. మార్చీమంటాను," అన్నాడు. వెల్డింగు చేయించవచ్చని కొందరు ఆశపెడతారు. ఆ మంటకు చుట్టుపక్కల గాజుపూత పగిలి ఒక చిల్లి స్థానంలో పది పుడతాయి, బయటి నురుగు కాలి విషపు పొగ లేస్తుంది. చేయకూడని పని చేయనని చెప్పి, ఆ కూలి వదులుకోవడం కూడా ఈ వృత్తిలో పనితనమే.

అతుకు పడని ఈ ట్యాంకును చూస్తుంటే, అతుకు పడే పాత బాయిలర్లు గుర్తుకు రాక మానవు. గీజర్లు రాకముందు ఈ ఇళ్ళ పెరళ్ళలో రాగి బాయిలరు ఉండేది. నడుమ నిలువు గొట్టం, అందులో కొబ్బరి పీచు, ఎండు మట్టలు, జీడి కొమ్మల నిప్పు, చుట్టూ నీళ్ళు. అది కారితే మాట్లు వేసేవాళ్ళు వీధిలోకి వచ్చేదాకా ఆగేవారు. వచ్చినవాడు దాన్ని పొడి బూడిద మీద కూర్చోబెట్టి నీళ్ళు పోసేవాడు. బూడిద ఎక్కడ నల్లబడితే అక్కడ చిల్లి. ఆ చోటును చింతపండూ ఇసుకా వేసి ఎర్రగా తోమి, తిత్తి ఊది కాచి, నవాసారం చల్లేవాడు. తెల్లటి పొగ ముక్కులు అదరగొట్టేది. దాని మీద తగరం ముట్టించగానే వెండిలా పాకేది, దూది ఉండతో ఒక్క విసురు విసిరితే మాటు పడేది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అయినా మంట మీద ఆ మాటు నిలిచేది, ఎందుకంటే వెనక నీళ్ళున్నంతసేపూ రాగి వేడి వంద డిగ్రీలను పెద్దగా దాటదు. నీళ్ళు పోయకుండా మంటపెడితే మాత్రం మాటు జారిపోయేది. "నీళ్ళు పోసి నిప్పెయ్" అని ఆ పనివాళ్ళు ఇల్లాలికి మరీ మరీ చెప్పి వెళ్ళడం నేను విన్నాను. ఇదే జిల్లాలో సారవకోట మండలం బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. మాట్లు వేసేవాళ్ళకు ఏ గుర్తింపూ రాలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరినీ జీడినీ కరెంటు స్తంభాలనూ నేలకూల్చినప్పుడు, అటక మీంచి దించిన రాగి బాయిలర్లు చాలా వాటికి వాళ్ళు వేసిన మాట్లే ఉన్నాయి.

కాశీబుగ్గ మెకానిక్ ఆ మాట్లు వేసే కుటుంబాల మనిషి కాడు. నేర్చుకున్న దారీ వేరు. పద్ధతి మాత్రం వాళ్ళదే. వాళ్ళ బూడిద చేసిన పనినే ఇతని కాగితం చేసింది.

కొత్త వాషరు, కొత్త కడ్డీ వచ్చాయి. ట్యాంకు అంచును మెత్తటి నైలాను పీచుతో తుడిచి, వేలి కొన చుట్టూ తిప్పి, ఇసుక రేణువంత గరుకు తగిలినా మళ్ళీ తుడిచాడు. వాషరుకు జిగురు రాయలేదు. సరిగ్గా కూర్చునే వాషరుకు జిగురు అవసరం లేదు, జిగురు రాస్తే మరోసారి విప్పేవాడికి నరకం. బోల్టులు ముందు చేత్తోనే, తర్వాత పానాతో, నులకమంచం పట్టెలు లాగినట్టు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు. చన్నీళ్ళ నిపిల్‌కు పాత జనపనార దారమూ సఫేదా తీసేసి టెఫ్లాన్ టేపు చుట్టాడు, మర తిరిగే దిక్కుకే, బిగించేటప్పుడు విప్పుకుపోకుండా. గీజరును మోసే గోడ బోల్టులను ఊపి చూశాడు. పాతిక కిలోల నీళ్ళు ఉప్పుగాలి తిన్న రెండు మేకుల మీద వేలాడుతుంటాయన్న సంగతి మనకు తట్టదు.

ముందు నీళ్ళు నింపాడు. వేన్నీళ్ళ పంపులోంచి గాలి తుంపరలు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా స్విచ్చి జోలికి పోలేదు. పాత పనివాళ్ళు ఇల్లాలికి చెప్పిన జాగ్రత్త ఇక్కడా వర్తిస్తుంది. నీళ్ళు లేని ట్యాంకులో ఎలిమెంటు నిమిషాల్లో మాడిపోతుంది. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కి థర్మోస్టాట్ కట్టేశాక ఇంకోసారి, కాగితాలు చుట్టి చూశాడు. లోహమూ రబ్బరూ వేడికి వేర్వేరుగా కదులుతాయి కాబట్టి చల్లగా నిలిచిన అతుకు వేడిలో కారవచ్చు.

వెళ్ళబోతూ పెరట్లో ఎర్తింగ్ గొయ్యి చూపించమన్నాడు. ఇది కారడానికి సంబంధించిన పని కాదు, అతన్ని ఎవరూ అడగలేదు. ఉద్దానం ఇసుక నేల. ఎండిన ఇసుకలో కరెంటు తేలిగ్గా దిగదు. అలాంటి నేలలో ఎర్త్ గొట్టం చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి తడిగా ఉంచితేనే ఎర్తింగ్ పనిచేస్తుంది. టెక్కలి పక్కనే నౌపడలో ఉప్పు మళ్ళున్నాయి, ఉప్పుకు కరువు లేదు, వేసే ఓపికే కావాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టాడు. మసగ్గా వెలిగింది. "ఎండల్లో వారానికోపాలి రెండు బిందెలు నీరు పోయించండమ్మా. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా ఒకటి పెట్టించుకోండి. గీజరు కారితే నీరే పోతాది. ఇది లేకపోతే మనిషి పోతాడు."

రబ్బరు వాషరుకూ కడ్డీకీ పిన్ని డబ్బులిచ్చింది, అతను అడిగిన కూలీ ఇచ్చింది. అన్నీ కలిపినా కొత్త గీజరు ఖరీదులో చిన్న ముక్క.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళవాళ్ళు ఏడాదికోసారి, చలి మొదలయ్యే ముందు, గీజరు విప్పించి మెగ్నీషియం కడ్డీని మీ కళ్ళతో చూడండి. సగం కన్నా సన్నగిల్లితే మార్పించండి. సేఫ్టీ వాల్వు కన్నాన్ని ఎవరు చెప్పినా పూడ్చకండి, పూడ్చి ఉంటే ఈ రోజే స్విచ్చి ఆపి మెకానిక్‌ను పిలవండి. అతను వచ్చి గంటసేపు చూసి, ఏమీ విప్పకుండా "ఇది బాగానే ఉంది" అని చెప్పినా పూర్తి కూలి ఇవ్వండి.